మారిషస్‌లో పొద్దు గుంకాక కరెంటు

శ్రోతలకు నమస్కారం.

మారిషస్ పేరు తెలుగువాళ్ళకు కొత్త కాదు. 1834 తర్వాత అక్కడి చెరకు తోటల్లో కూలి పనికి ఓడలెక్కినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. కోరంగి రేవు మీదుగా వెళ్ళారు గనుక అక్కడ తెలుగువాళ్ళకు ఆ రేవు పేరే స్థిరపడింది. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా ఆ దీవిలోనే. ఇవాళ మనం మాట్లాడుకోబోయే కరెంటు కథ కూడా ఆ చెరకు దగ్గరే మొదలవుతుంది.

దీవి విస్తీర్ణం సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు. అంటే మన పాత శ్రీకాకుళం జిల్లాలో మూడో వంతు. జనం 12 లక్షలకు పైగా ఉంటారు. దేశం మొత్తం ఒకేసారి గరిష్ఠంగా వాడుకునే కరెంటు 500 మెగావాట్లకు కాస్త పైన. మన శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం ఒక్కదాని సామర్థ్యమే 900 మెగావాట్లు! మన దగ్గర ఏదో ఒక జనరేటర్ ఆగిపోతే, భారతదేశమంతా ఒకటే గ్రిడ్ (కలిసి ఉన్న తీగల వల) కాబట్టి మిగతా రాష్ట్రాల యంత్రాలు తలా కాస్త భారం మోస్తాయి. మారిషస్ చుట్టూ సముద్రం. పొరుగు నుంచి వచ్చే తీగ ఒక్కటీ లేదు. ఏ క్షణాన ఎంత వాడితే ఆ క్షణాన అంతా ఆ దీవిలోనే పుట్టాలి.

ఇప్పుడు అది ఎలా పుడుతోందంటే, ఎక్కువ భాగం దిగుమతి చేసుకున్న బొగ్గు నుంచి, భారీ చమురు (ఫర్నేస్ ఆయిల్) నుంచి. పునరుత్పాదక వాటా ఈ మధ్య ఏళ్ళలో ఐదో వంతుకు అటూఇటూగా ఉంటోంది. 2030 నాటికి దాన్ని 60 శాతానికి చేరుస్తామని, బొగ్గు మానేస్తామని ప్రభుత్వం 2021లో ప్రకటించింది. ఎండకు ఆ దీవిలో లోటు లేదు. చిక్కంతా నిల్వ దగ్గరే ఉంది. నిల్వ అనగానే బ్యాటరీ ఒక్కటే గుర్తుకు రాకూడదు. సెకన్ల నిల్వ వేరు, సాయంత్రానికి సరిపోయే నిల్వ వేరు, ఆరు నెలలు ఆగే నిల్వ వేరు. ఒకదాని పని ఇంకోదానితో జరగదు.

ఆరు నెలల లెక్క ముందు చూద్దాం. టన్ను చెరకు ఆడిస్తే సుమారు 300 కిలోల పిప్పి వస్తుంది. అందులో సగం తేమే. పాతకాలపు మిల్లుల్లో బాయిలర్ పీడనం 20 బార్ల దగ్గర, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి సుమారు 20 రెట్లు ఉండేది. ఆ ఆవిరి చక్కెర వండటానికి సరిపోయేది, గ్రిడ్‌కు మిగిలేది బహు తక్కువ. మారిషస్ వాళ్ళు చిన్న మిల్లుల్ని కలిపేసి, బెల్ వ్యూ, లా బరాక్ లాంటి చోట్ల 82 బార్ల బాయిలర్లు పెట్టారు. పీడనమూ ఉష్ణోగ్రతా పెరిగిన కొద్దీ అదే పిప్పి నుంచి టర్బైన్ ఎక్కువ పని రాబడుతుంది. దాంతో టన్ను చెరకుకు 100 యూనిట్లకు పైగా గ్రిడ్‌కు ఇవ్వగలుగుతున్నారు. చెరకు పండించే ఏ దేశమైనా వీళ్ళ దగ్గర నేర్చుకోదగిన పని ఇది.

అయితే కోత జూన్, జూలైల్లో మొదలై డిసెంబరు నాటికి అయిపోతుంది. ఆ తర్వాత అవే బాయిలర్లు బొగ్గు మీద నడుస్తాయి. పిప్పిని దాచుకుంటే పోదా అనిపిస్తుంది. దాచడం తేలిక కాదు. వదులుగా పోసిన పిప్పి ఘనమీటరుకు 150 కిలోలు కూడా తూగదు కాబట్టి కొండంత జాగా కావాలి. అందులో మిగిలిన చక్కెరను సూక్ష్మజీవులు తింటుంటే కుప్ప లోపల వేడి పుడుతుంది. ఒక్కోసారి దానంతట అదే అంటుకుంటుంది. ఎండితే దుమ్ము లేస్తుంది. బూజు పట్టిన ఆ దుమ్ము పీల్చిన కార్మికులకు ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. అందుకే కొద్ది రోజులకు సరిపడా మాత్రమే ఉంచుకోవడం మేలు. పొలంలో మిగిలే ఎండుటాకును, అంటే చెరకు చెత్తను, కట్టలు కట్టి కాల్చవచ్చు. అందులో పొటాషియం, క్లోరిన్ ఎక్కువ. బూడిద కరిగి బాయిలర్ గొట్టాలకు అంటుకుపోతుంది, గొట్టాలను తినేస్తుంది. కొలత మించకుండా పిప్పితో కలిపి వేయాలి. ఆకంతా పొలం నుంచి ఊడ్చేస్తే నేలలో తడి నిలవదు, కొంత అక్కడే వదిలేయాలి.

పైగా చెరకే తగ్గిపోతోంది. ఇరవై ఏళ్ళ కింద ఏటా 50 లక్షల టన్నులు పండిన దీవిలో ఇప్పుడు సుమారు సగమే పండుతోంది. 25 లక్షల టన్నులకు టన్నుకు 100 చొప్పున వేసుకున్నా 25 కోట్ల యూనిట్లు. దేశం ఏడాదికి వాడేది 300 కోట్ల యూనిట్లకు పైనే. బొగ్గు మానేసే మాట నిజంగా నిలబడాలంటే జనవరి నుంచి మే వరకు ఆ బాయిలర్లలో ఏం వేస్తారో ముందు తేలాలి. బ్యాటరీల ప్రకటనలకు వచ్చినంత చప్పుడు ఈ ప్రశ్నకు రావడం లేదు, రావాలి.

ఇక సెకన్ల లెక్క. మన దగ్గరలాగే అక్కడా కరెంటు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్‌జ్, అంటే సెకనుకు 50 ఆవృత్తాలు. జనరేటర్లు నెమ్మదిస్తే ఇదీ పడిపోతుంది. దీవిలో 400 మెగావాట్లు నడుస్తుండగా 35 మెగావాట్ల జనరేటర్ ఒకటి ఠక్కున ఆగిందనుకోండి. మిగిలిన టర్బైన్లు తమ బరువైన రోటార్లలో ఉన్న శక్తిని ఖర్చు పెడుతూ నెమ్మదిస్తాయి. మామూలు లెక్కన సెకనుకు అర హెర్ట్‌జ్ చొప్పున ఫ్రీక్వెన్సీ పడుతుంది. రెండు సెకన్లలో 49కి దిగజారుతుంది. డీజిల్ ఇంజన్ గవర్నరు (వేగాన్ని అదుపు చేసే భాగం) ఇంధనం పెంచి అందుకునేలోపే రక్షణ రిలేలు, అంటే తమంతట తామే పనిచేసే స్విచ్‌లు, కొన్ని ఊళ్ళకు కరెంటు కోసేస్తాయి. మధ్యాహ్నం సోలార్ ఎక్కువై తిరిగే యంత్రాలు తగ్గితే ఈ పతనం ఇంకా వేగంగా ఉంటుంది, ఎందుకంటే సోలార్ ప్యానెల్లో తిరిగే బరువేమీ లేదు.

ఇక్కడ బ్యాటరీ అక్కరకొస్తుంది. అమౌరీ సబ్‌స్టేషన్‌లో 20 మెగావాట్ల బ్యాటరీ పెట్టారు. సెకను తిరక్కుండానే అది పూర్తి శక్తి ఇవ్వగలదు. అయితే బ్యాటరీ గురించి విన్నప్పుడల్లా రెండు అంకెలు అడగాలి. మెగావాట్లు ఎన్ని అన్నది ఎంత వేగంగా ఇస్తుందో చెబుతుంది. మెగావాట్ అవర్లు ఎన్ని అన్నది ఎంతసేపు ఇస్తుందో చెబుతుంది. కుళాయి లావు, ట్యాంకు లోతు అనుకోండి. 20 మెగావాట్ల బ్యాటరీ గంటసేపు ఇచ్చేదైతే 20 మెగావాట్ అవర్లు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా 100 మెగావాట్ల చమురు ఇంజన్లను ఆపాలంటే 300 మెగావాట్ అవర్లు కావాలి. అంటే అలాంటివి 15. పెట్టి తీసేటప్పుడు నూటికి పది నుంచి పదిహేను పాళ్ళు పోతాయి గనుక నింపేటప్పుడు ఆ మేరకు ఎక్కువ నింపాలి.

ఉప్పుగాలి ఇంకో శత్రువు. లిథియం సెల్స్‌ను 25 డిగ్రీల దగ్గర ఉంచడానికి కంటైనర్‌కు ఏసీ ఉంటుంది. ముందు చెడేది చాలాచోట్ల ఆ ఏసీనే. బయటి కాయిల్ రెక్కలు తుప్పు పట్టి గాలి ఆడదు. లోపల వేడెక్కితే నియంత్రణ వ్యవస్థ తనంతట తానే సామర్థ్యం తగ్గించేస్తుంది. కాయిళ్ళకు పూత వేయించి, మంచినీళ్ళతో క్రమం తప్పకుండా కడగడం ఖర్చు కాదు, పొదుపు.

సాయంత్రం అవసరానికి దీవిలో పాత నిల్వ ఒకటి ఉంది. షాంపేన్ జలవిద్యుత్ కేంద్రం, 30 మెగావాట్లు. నీటిని పగలంతా ఆపి, డిమాండు పెరిగే గంటల్లో వదులుతారు. నడిమి పీఠభూమిలో క్యూర్‌పీప్ చుట్టుపక్కల వాన దంచి కొడుతుంది. పడమటి తీరం పొడిగా ఉంటుంది. 2014లో మొదటి పెద్ద సోలార్ కేంద్రం, 15 మెగావాట్లది, బాంబూలో పెట్టింది అందుకే. కానీ అన్నీ ఆ తీరానే పెడితే ఒకే మబ్బు అన్నిటినీ ఒకేసారి కప్పుతుంది. ఎండ కొంచెం తక్కువైనా సరే, దీవి నలుమూలలా విడదీసి పెడితే ఎగుడుదిగుళ్ళు సర్దుకుంటాయి, అంతమేర బ్యాటరీ ఖర్చూ తగ్గుతుంది.

తుఫాన్ల సంగతి. మారిషస్‌కే చెందిన రోడ్రిగ్స్ దీవి ఇంకా తూర్పున, 500 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. అక్కడ గ్రెనేడ్ అనేచోట 275 కిలోవాట్ల గాలిమరలు పెట్టారు. వాటి స్తంభం అడుగున కీలు ఉంటుంది, చుట్టూ తాళ్ళు బిగించి ఉంటాయి. తుఫాను వస్తుందంటే విన్చ్‌తో (తాళ్ళు చుట్టి లాగే యంత్రంతో) వాటిని నేల మీద పడుకోబెట్టి కట్టేస్తారు. గాలి పెరిగాక దించడం ప్రమాదం కనుక హెచ్చరిక తొలి దశలోనే పని ముగించాలి.

సోలార్ ప్యానెళ్ళను పడుకోబెట్టలేం. పక్కపక్క ప్యానెళ్ళు రెండింటికీ కలిపి ఒకే క్లాంపు బిగించడం మామూలు పద్ధతి. ఒక ప్యానెల్ ఊడితే క్లాంపు వదులై పక్కదీ లేస్తుంది, ఆపైన వరస మొత్తం లేచిపోతుంది. ప్రతి ప్యానెల్‌నూ ఫ్రేము రంధ్రాల గుండా విడివిడిగా బోల్టు చేయాలి, నట్లు వదులు కాని రకం వాడాలి.

ఇంటి మీద ప్యానెళ్ళు ఉన్నవాళ్ళకు, మారిషస్‌లోనైనా, 2014లో హుద్‌హుద్ చూసిన మన విశాఖలోనైనా, ఒక మాట. గ్రిడ్‌కు కలిపిన మామూలు ఇన్వర్టర్ కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అలా చేశారు. ఎండ కాస్తున్నా ఇల్లు చీకటే. వెలుగు కావాలంటే గ్రిడ్ లేకున్నా బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ, ముఖ్యమైన వాటికి విడి సర్క్యూట్ ఉండాలి. ఫ్రిజ్‌కు రోజుకు ఒక యూనిట్, నాలుగు ఎల్‌ఈడీ దీపాలు, రెండు ఫ్యాన్లు, ఫోన్లు కలిపి మరో యూనిట్ నుంచి ఒకటిన్నర యూనిట్లు. ఐదు యూనిట్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే మబ్బు పట్టిన రోజు కూడా గడుస్తుంది. ఏసీ, నీళ్ళ మోటారు ఆ సర్క్యూట్‌కు కలపకండి.

తుఫాను వెలిశాక స్విచ్ వేసే ముందు ఎలక్ట్రీషియన్ చేత మెగ్గర్ అనే పరీక్ష మీటరుతో తీగల ఇన్సులేషన్ చూపించండి, ఐసొలేటర్ (ప్యానెళ్ళ కరెంటును విడదీసే స్విచ్) డబ్బాలో నీరు చేరిందేమో తెరిపించి చూడండి. గాజు పగిలిన ప్యానెల్ కూడా ఎండ తగిలినంతసేపూ కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది. తడి చేతులతో దాన్ని ముట్టుకోవద్దు, పిల్లల్ని మేడ మీదికి పోనివ్వద్దు.

నమస్కారం.