"సరే" నొక్కితే టికెట్ పోయింది: ప్రొడక్ట్ డిజైనర్లు అసలు ఏం చేస్తారు?

[స్క్రీన్ మీద: ఫోన్, మధ్యలో చిన్న పెట్టె. "టికెట్ రద్దు చేయాలా?" కింద రెండు బటన్లు: "రద్దు", "సరే"]

ఒక్క క్షణం ఇది చూడండి. టికెట్ మీకు కావాలి, రద్దు చేసుకునే ఉద్దేశమే లేదు. ఏది నొక్కుతారు?

మా పెద్దమ్మ "సరే" నొక్కింది. ఆవిడ లెక్కలో అది "సరేలే, అలాగే ఉండనీ" అని. టికెట్ పోయింది, డబ్బులో కొంత కోసుకుని మిగతాది వెనక్కి వేశారు, పండగ ముందు కాబట్టి మళ్లీ సీటు దొరకలేదు. వెంటనే నాకు ఫోన్ చేసి అడిగింది: "నువ్వు చేసే ఉద్యోగం ఇదేనా?"

ఇదే. ఆ యాప్ నేను చేసింది కాదు గానీ, ఉద్యోగం ఇదే. నేను ప్రొడక్ట్ డిజైనర్‌ని. యాప్‌లకు రంగులేస్తానని మా ఇంట్లో అనుకుంటారు, రంగులూ వేస్తాం, కానీ రోజులో ఎక్కువ భాగం మనిషి స్క్రీన్ ముందు ఎక్కడ ఆగిపోతున్నాడో పక్కన కూర్చుని చూడటం, ఎందుకు ఆగాడో పట్టుకోవడం, మార్చి మళ్లీ చూపించడం. దానికి వందమందిని పిలవక్కర్లేదు. ఐదుగురితో పరీక్షిస్తే తప్పుల్లో చాలావరకు బయటపడతాయని, వాడుకకు ఏది సులువో పరిశోధించే జేకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు. నాకైతే మూడో మనిషి దగ్గరికే తల దించుకోవాల్సి వస్తుంది.

సరే, ఆ పెట్టె సంగతి. "క్యాన్సిల్" అనే మాటకు కంప్యూటర్‌లో ఎప్పటినుంచో ఒక అలవాటు అర్థం ఉంది: ఈ పెట్టె మూసేయ్, ఏమీ చేయకు. దాన్ని "రద్దు" అని తెలుగు చేశారు. మాట వచ్చింది, అలవాటు రాలేదు. పైగా ప్రశ్నలోనూ రద్దే, బటన్ మీదా రద్దే. దీనికి మందు చాలా చిన్నది, నొక్కితే ఏం జరుగుతుందో బటన్ మీదే రాయాలి.

[స్క్రీన్ మీద: "టికెట్ రద్దు చేయండి", "టికెట్ ఉంచండి"]

అంతే. పూట పని కూడా కాదు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన తలనొప్పి.

[స్క్రీన్ మీద: "రవికు ₹500 పంపండి"]

చెవికి గుచ్చుకుందా? రవికి అనాలి కదా. సీతకు, రాముకు, రవికి... మనకు ఆలోచించకుండానే నోటికి వచ్చేస్తుంది, యాప్‌కు రాదు. ఇంగ్లిష్‌లో "టు" అనే ముక్క పేరుకు ముందు విడిగా నిలబడుతుంది, పేరు ఏదైనా అది మారదు, కాబట్టి అక్కడ ఒక ఖాళీ వదిలి పేరు అతికిస్తే పనైపోతుంది. మన విభక్తి పేరుకే అంటుకుంటుంది, పేరు చివర ఏ అచ్చు ఉందో చూసుకుని మారుతుంది. అందరికీ "కి" పెట్టేద్దాం, మాట్లాడేటప్పుడు సీతకి అంటాం కదా అని మా టీమ్‌లో ఒకరన్నారు. పెట్టాం. "రాముడుకి" అని వచ్చింది.

ఇది కాక ఆడా మగా గొడవ ఒకటి. డబ్బు వచ్చినప్పుడు "పంపాడు" అనాలా, "పంపింది" అనాలా? యాప్‌కేం తెలుసు? "పంపారు" అంటే గండం గడుస్తుంది, మర్యాదగానూ ఉంటుంది. నేనైతే వాక్యాన్నే తిప్పేస్తాను: "రవి నుంచి ₹500 వచ్చాయి". ఎవరి పేరు పెట్టినా చెడదు. పంపేటప్పుడు అసలు వాక్యమే వద్దు, "ఎవరికి: రవి", "ఎంత: ₹500" చాలు. కిరాణా కొట్టులో ఫోన్‌తో డబ్బు కట్టగానే అరిచే డబ్బాను గమనించారా, పేరు జోలికే పోదు, మొత్తం ఒక్కటే చెబుతుంది. అదృష్టవంతురాలు.

[స్క్రీన్ మీద: "రాష్ట్రం" అనే మాట, కింద వత్తులు సగానికి తెగిపోయి]

ఇది చాలామంది చూసే ఉంటారు. వేలికి అందేలా బటన్ ఎంత ఉండాలో ఆపిల్ 44 పాయింట్లు అంటుంది, గూగుల్ 48 డీపీ అంటుంది (రెండూ స్క్రీన్ మీది కొలతలే), అవి చాలామంది పాటిస్తారు. లోపలి అక్షరం ఎత్తు మాత్రం ఇంగ్లిష్ కొలతే. మనకేమో పైన గుడిదీర్ఘం, కింద వత్తు మీద వత్తు. అందుకే నేను ఏ స్క్రీన్ గీసినా ముందు "రాష్ట్రం" అని రాసి చూస్తాను, అది బతికితే మిగతావన్నీ బతుకుతాయి.

యాప్‌లో చూపించే సమాచారమే ఎస్సెమ్మెస్‌లో పంపాలంటే ఇంకో కథ. ఇంగ్లిష్ అయితే ఒక మెసేజ్‌లో 160 అక్షరాలు పడతాయి, తెలుగు రాగానే అది 70కి పడిపోతుంది. ఆ 70 కూడా మన లెక్క కాదు, "స్త్రీ" మనకు ఒక్క అక్షరం, ఫోన్‌కు 6. మెసేజ్ రెండు మూడు ముక్కలవుతుంది, ఒక్కో ముక్కకూ డబ్బు కట్టాలి, అందుకని కంపెనీ మెల్లిగా ఇంగ్లిష్‌కు మారిపోతుంది. యాప్ తెలుగులో, మెసేజ్ ఇంగ్లిష్‌లో, వెబ్‌సైట్ సగం సగం. వాడేవాళ్లకు ఇవన్నీ ఒకటే కంపెనీ, మూడు టీమ్‌లని వాళ్లకేం పట్టింది?

2018 ఫిబ్రవరి గుర్తుందా? "జ్ఞా" అనే ఒక్క అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి, ఆపిల్ ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చేదాకా. అది డిజైనర్ల తప్పు కాదులెండి, కానీ తెలుగును చివర్లో చూసుకుందాంలే అంటే ఏమవుతుందో మీటింగుల్లో చెప్పడానికి నాకు భలే పనికొస్తుంది.

మా పెద్దమ్మ ఆ టికెట్ పోయిన రోజే యాప్‌ను ఇంగ్లిష్‌కు మార్పించుకుంది. ఆవిడకు ఇంగ్లిష్ చదవడం రాదు. ఏ బటన్ ఎక్కడుందో, ఏ రంగులో ఉందో గుర్తుపెట్టుకుని నొక్కుతోంది. ఆ కంపెనీవాళ్లు ఏ భాషను ఎంతమంది వాడుతున్నారో లెక్క తీస్తే, ఇప్పుడు ఆవిడ ఇంగ్లిష్ యూజర్.