కౌంటర్ మీద జెండా: లాయర్ మేడమ్‌తో ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం అండి. అమెరికాలో షాపులు నడుపుతున్న మనవాళ్ళ కోసం ఈ వారం కార్యక్రమం. కాన్ఫెడరేట్ జెండా, అంటే అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి పోరాడిన దక్షిణ రాష్ట్రాల జెండా, అలాంటి గుర్తులున్న సరుకు అమ్మాలా, ఆపాలా? లాయర్ మేడమ్ లైన్లో ఉన్నారు. మొదటి కాలర్ అలబామా నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే మేడమ్. మాది గ్యాస్ స్టేషన్ అండి, చిన్న ఊరు, నేనూ మా బావమరిదీ కలిసి తీసుకుని ఆరేళ్ళయింది, పాత ఓనర్ దగ్గర సరుకుతో సహా తీసుకున్నాం, అందులోనే ఈ జెండా లైటర్లు, టోపీలు వచ్చాయి, అయిపోతే డిస్ట్రిబ్యూటర్ మళ్ళీ పెట్టేసి పోతాడు, మేం అడగం కూడా...

యాంకర్: మీ ప్రశ్న అండి?

కాలర్: అదే వస్తున్నా. రోజూ ఒక నల్లజాతి పెద్దావిడ వస్తుంది, ఒక కాఫీ, ఒక లాటరీ టికెట్టు. మొన్న చిల్లర పెట్టడానికి చోటు లేక ఆ లైటర్ల స్టాండుని మోచేత్తో పక్కకి జరిపింది. చేత్తో ముట్టుకోలేదు మేడమ్. ఏమీ అనలేదు కూడా. అప్పట్నుంచి ఆ స్టాండు చూస్తే నాకు ఏదోలా ఉంది. తీసేద్దామంటే మా బావమరిది, ఇది ఫ్రీ స్పీచ్ దేశం, తీస్తే కేసు వేస్తారంటాడు. వేస్తారా?

లాయర్: ఆ కేసు నిలవదండి. ఫ్రీ స్పీచ్ హక్కు ఇచ్చే రాజ్యాంగం మొదటి సవరణ కట్టడి చేసేది ప్రభుత్వాన్ని, మీ షాపుని కాదు. 2015 జూన్ 17న సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్ చర్చిలో బైబిల్ చదువుకుంటున్న 9 మంది నల్లజాతీయుల్ని ఒకడు కాల్చి చంపాడు. వాడు ఆ జెండాతో దిగిన ఫొటోలు బయటపడ్డాయి. వారం తిరక్కుండానే వాల్‌మార్ట్, అమెజాన్, ఈబే, సియర్స్ ఆ సరుకు ఆపేశాయి. అంత పెద్ద కంపెనీలే ఆపగా లేనిది మీరెందుకు భయపడాలి? డిస్ట్రిబ్యూటర్‌తో రాసుకున్న కాగితం ఏమన్నా ఉంటే మాత్రం చదువుకోండి. ఇంకొకటి గుర్తుపెట్టుకోండి, సరుకుని ఆపచ్చు, మనిషిని ఆపకూడదు. 1964 పౌరహక్కుల చట్టంలో గ్యాస్ స్టేషన్ల పేరు పెట్టి మరీ రాశారు, రంగు, మతం చూసి ఎవర్నీ వెనక్కి పంపకూడదని.

కాలర్: టెక్సాస్‌లో మా కజిన్ కూడా ఇదే అన్నాడు, కానీ అక్కడ వేరు కదా... ఇక్కడ కొందరు ఇది మా తాతల గుర్తు అంటారు మేడమ్, మంచివాళ్ళే, రోజూ వస్తారు. తీసేస్తే మరి కేసు...

లాయర్: ఇప్పుడే చెప్పాను కదండీ, నిలవదని! వాళ్ళతో కౌంటర్ దగ్గర వాదన పెట్టుకోకండి, మా దగ్గర లేవండి అంటే చాలు. తాతల గుర్తు అంటున్నారు కదా, ఆ అంతర్యుద్ధం 1865లోనే ముగిసింది. సౌత్ కరోలినా శాసనసభ గుమ్మటం మీదికి ఆ జెండా ఎక్కింది 1961లో, నల్లవాళ్ళు హక్కుల కోసం పోరాడుతున్న రోజుల్లో. అక్కడి ఆవరణలోంచి పూర్తిగా దింపింది 2015 జులై 10న. ఇంట్లో ఎగరేసుకునే హక్కు వాళ్ళకుంది, దాన్ని ఎవరూ లాక్కోవడం లేదు. మీరు అమ్మిపెట్టాలన్న రూలు మాత్రం లేదు. మీ మనసు ఆ పెద్దావిడ మోచెయ్యి దగ్గరే ఆగిపోయింది కదా నాయనా, తీసేయండి.

కాలర్: ఇంకో రెండు డబ్బాలున్నాయి మేడమ్.

లాయర్: వాపసు తీసుకుంటాడేమో అడగండి. ముందు స్టాండు దించండి.

యాంకర్: థాంక్యూ అండి. న్యూజెర్సీ నుంచి, చెప్పండమ్మా.

కాలర్: ఆన్‌లైన్లో పూజాసామాను అమ్ముతాను. స్వస్తిక్ ఉన్న ఇత్తడి పళ్ళెం లిస్టింగ్ సైటువాళ్ళు తీసేశారండి. మాది నాజీ గుర్తు కాదుగా, మా వాక్ స్వాతంత్య్రం ఏమైనట్టు?

లాయర్: ఇదీ అంతేనమ్మా, ఆ సైటు ప్రభుత్వం కాదు. అప్పీలు పెట్టండి, వివరణలో హిందూ పూజ అని స్పష్టంగా రాయండి, పసుపు కుంకుమలతో ఫొటో పెట్టండి. కాలిఫోర్నియా 2022లో చేసిన చట్టంలో నాజీల గుర్తుని హాకెన్‌క్రాయిట్స్ అని వేరుగా రాశారు, దాన్నీ ప్రస్తావించండి. ఆ గుర్తు చూసి ఒక యూదు కస్టమర్ ఉలిక్కిపడితే మాత్రం కోప్పడకండి, ఓపిగ్గా చెప్పండి.

యాంకర్: అట్లాంటా నుంచి. త్వరగా అండి.

కాలర్: ఇలా అన్నీ తీసేసుకుంటూ పోతే రేపు చరిత్ర పుస్తకాలు కూడా...

లాయర్: అది తప్పేనండి, ఒప్పుకుంటాను. 2015లోనే ఆపిల్ అంతర్యుద్ధం గేమ్‌లు కూడా తీసేసి, తర్వాత కొన్ని తిరిగి పెట్టింది. చరిత్ర చెప్పేదాన్ని ఉంచాలి. టోపీ చరిత్ర చెప్పదు కదా.

కాలర్: కానీ మేడమ్, మ్యూజియంలో...

యాంకర్: సారీ అండి, టైమ్ అయిపోయింది. మేడమ్‌కి ధన్యవాదాలు. వచ్చే వారం ఇదే సమయానికి కలుద్దాం.