ఫోన్-ఇన్: మాంట్‌గమరీ బస్సుల బహిష్కరణ మీద వ్యాసం రాయాలంటే

వ్యాఖ్యాత: నమస్కారం. అమెరికా చరిత్ర మీద పరిశోధన వ్యాసాలు రాస్తున్న విద్యార్థుల సందేహాలకు ఈ వారం కార్యక్రమం. జవాబులు చెప్పడానికి చరిత్ర అధ్యాపకురాలు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ డల్లాస్ నుంచి. చెప్పమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. నేను పదకొండో గ్రేడ్. సివిల్ రైట్స్ ఉద్యమం మీద 2,500 పదాల వ్యాసం రాయాలి. మూడు వారాలే టైముంది.

అధ్యాపకురాలు: ఉద్యమం మొత్తమా! 2,500 పదాల్లో ఇమడదమ్మా. ఒక ఊరు, ఒక ఏడాది తీసుకో. మనసులో ఏదైనా ఉందా?

కాలర్: మాంట్‌గమరీ బస్ బాయ్‌కాట్. అలబామా రాష్ట్రంలోని ఆ ఊళ్లో రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళ బస్సులో తెల్లవాళ్లకు సీటు ఇవ్వనందుకు అది ఎలా మొదలైందీ అని.

అధ్యాపకురాలు: సంఘటన మంచిదే, ప్రశ్నే బాగాలేదు. జవాబు అందరికీ తెలుసు, ఇంకేం వాదిస్తావు? పైగా అది సగం జవాబే. పార్క్స్ అరెస్టయింది 1955 డిసెంబర్ 1న. అంతకు ఏడాదిన్నర ముందే, 1954 మే 21న, ఆ ఊరి మహిళా సంఘం నాయకురాలు జో యాన్ రాబిన్సన్ మేయర్‌కు ఉత్తరం రాసింది. బస్సెక్కేవాళ్లలో నాలుగింట మూడొంతులు నల్లజాతివాళ్లేననీ, పాతికకు పైగా సంఘాలు బహిష్కరణ మాట అనుకుంటున్నాయనీ అందులో ఉంది. 1955 మార్చిలో పదిహేనేళ్ల క్లాడెట్ కోల్విన్‌ కూడా సీటు ఇవ్వనంది, అరెస్టయింది. అప్పుడు ఊరు కదల్లేదు. మరి డిసెంబర్‌లోనే ఎందుకు కదిలింది? ఇది ప్రశ్న.

కాలర్: అంటే దీని మీదే రాయాలా?

అధ్యాపకురాలు: రాయొచ్చు. నన్నడిగితే ఇంతకన్నా పదునైనది ఇంకొకటుంది. బస్సుల్లో నల్లవాళ్లను, తెల్లవాళ్లను వేరుగా కూర్చోబెట్టే విభజనను ముగించింది 381 రోజుల బహిష్కరణా, కోర్టా? తేదీలు రాసుకో. ఆ విభజన చట్టం చెల్లదంటూ బ్రౌడర్ వర్సెస్ గేల్ కేసు వేసింది 1956 ఫిబ్రవరి 1న. ఫెడరల్ జడ్జీలు ముగ్గురిలో ఇద్దరు జూన్ 5న అనుకూలంగా తీర్పిచ్చారు. సుప్రీంకోర్టు నవంబర్ 13న దాన్ని ఖాయం చేసింది. ఉత్తర్వు డిసెంబర్ 20న ఊరికి చేరింది, మర్నాడు జనం బస్సెక్కారు. ఇలా చూస్తే కోర్టే గెలిపించింది. అలాంటప్పుడు జనం బస్సెక్కకుండా ఏడాది పొడుగునా నడిచింది ఎందుకు? దీని మీద బుద్ధిమంతులిద్దరు ఎదురెదురుగా వాదించగలరు. అలా వాదించగలిగితేనే అది పరిశోధన ప్రశ్న.

వ్యాఖ్యాత: మొదట్లో వాళ్లు విభజన పూర్తిగా పోవాలని అడగలేదంటారు?

అధ్యాపకురాలు: అడగలేదండీ. మూడే కోరికలు. డ్రైవర్లు మర్యాదగా మాట్లాడాలి. నల్లజాతివాళ్లు వెనక నుంచి, తెల్లవాళ్లు ముందు నుంచి, వచ్చిన వరసలో కూర్చోవాలి, కూర్చున్నవాళ్లను లేపకూడదు. నల్లజాతివాళ్లు ఎక్కువగా ఎక్కే రూట్లలో నల్లజాతి డ్రైవర్లను పెట్టాలి. రెండు నెలలకల్లా అదే జనం విభజన చట్టాన్నే కొట్టేయమని కోర్టుకెళ్లారు. ఈ మార్పు ఎలా వచ్చిందో చెప్పగలిగితే నీ వ్యాసం నిలబడుతుందమ్మా. ఇక్కడే పిల్లలు బోల్తా పడతారు. జనవరి 30న బహిష్కరణ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు పడింది, ఫిబ్రవరి 1న కేసు పడింది, కాబట్టి బాంబు వల్లే కేసు అని రాసేస్తారు. కేసు వేసే సంగతి జనవరి 30నే, బాంబు పడకముందే, బహిష్కరణ నడిపిన సంఘం కార్యవర్గ సమావేశంలో చర్చకొచ్చింది. ఆ నోట్స్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం సంకలనం చేసిన కింగ్ పత్రాల్లో ఉన్నాయి, ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవొచ్చు.

కాలర్: 2,500 పదాలు ఎలా పంచుకోవాలి మేడమ్?

అధ్యాపకురాలు: ప్రశ్న, నీ వాదన కలిపి 250. నేపథ్యం 400, ఒక్క పదం పెరగనివ్వకు. చాలా వ్యాసాలు జిమ్ క్రో, అంటే జాతి విభజన చట్టాల, చరిత్రలోనే సగం ఖర్చయిపోతాయి. బహిష్కరణ ఏం సాధించిందో 600, కోర్టు ఏం చేసిందో 600. నీకు ఎదురు వాదనకు 400. దాన్ని బలంగానే పెట్టు. ఉదాహరణకు, బస్సులకు బదులు జనాన్ని పనులకు చేర్చిన కార్‌పూల్‌ను, అంటే కార్లు పంచుకునే ఏర్పాటును, ఆపమని నవంబర్ 13నే స్థానిక కోర్టు ఆదేశించింది. సుప్రీంకోర్టు మాట అదే రోజు రాకపోతే బహిష్కరణ ఎన్నాళ్లు సాగేది? ముగింపు 250. మొదటి వారం ఆధారాలకే. రెండో వారం చిత్తుప్రతి. మూడో వారం దిద్దుబాటు.

ఇంకొక్క మాట. పార్క్స్ కేసు సుప్రీంకోర్టుకెళ్లిందని రాయకు. బ్రౌడర్ కేసు గెలిచిన నలుగురు స్త్రీలలో ఆమె లేదు. కోల్విన్ ఉంది.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ వరంగల్ నుంచి.

కాలర్: నమస్కారం మేడమ్. ఎం.ఏ. హిస్టరీ చేస్తున్నా. మాంట్‌గమరీ మీద గాంధీ ప్రభావం అని సెమినార్ పేపర్ పెట్టుకున్నా. అమెరికా వెళ్లలేను కదా, ఆధారాలు ఎలా?

అధ్యాపకురాలు: వెళ్లక్కర్లేదు బాబూ. కింగ్ పత్రాలతో పాటు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో రోజా పార్క్స్ పత్రాలు, నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆమె అరెస్టు రికార్డు, బస్సులో ఆమె ఎక్కడ కూర్చుందో చూపే పటం అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి. నీ శీర్షికతోనే చిక్కు. ‘ప్రభావం’ అంటే ఎంతైనా సాగుతుంది, దేన్నీ రుజువు చేయలేం. గాంధీ పేరు మాంట్‌గమరీకి ఎప్పుడు, ఎవరి ద్వారా వచ్చిందని అడుగు. 1955 డిసెంబర్ 12న స్థానిక పత్రికలో బహిష్కరణకు గాంధీతో పోలిక తెచ్చింది జూలియెట్ మోర్గన్ అనే తెల్లజాతి లైబ్రేరియన్. ఫిబ్రవరిలో అహింసావాదులు బేయార్డ్ రస్టిన్, గ్లెన్ స్మైలీ వచ్చారు. అప్పటికి కింగ్ ఇంట్లో తుపాకులున్నాయి. కింగ్ మన దేశం వచ్చింది 1959లో. మనవాళ్ల వ్యాసాల్లో గాంధీని మొదటి రోజు నుంచే కూర్చోబెడతారు. అది అభిమానం, ఆధారం కాదు.

కాలర్: ఆత్మకథలు వాడుకోవచ్చా?

అధ్యాపకురాలు: వాడుకో, రాసిన ఏడాది మాత్రం గమనించు. రాబిన్సన్ పుస్తకం వచ్చింది 1987లో. ఆమె మనసులో ఏముందో దాన్లో దొరుకుతుంది. తేదీలు, అంకెలు మాత్రం అప్పటి కాగితంతో సరిచూడాలి.

వ్యాఖ్యాత: ఆఖరి కాల్, న్యూజెర్సీ నుంచి ఒక అమ్మగారు.

కాలర్: మా బాబు ఏఐని అడిగి ఫుట్‌నోట్లు పెడుతున్నాడండీ. ఫర్వాలేదా?

అధ్యాపకురాలు: లేని పుస్తకాలను పేజీ నంబర్లతో సహా పుట్టించి ఇవ్వొచ్చండీ అది. ముందు వాళ్ల స్కూల్లో ఏఐ వాడనిస్తారో లేదో కనుక్కోండి. తర్వాత అబ్బాయిని పక్కన కూర్చోబెట్టి ఒక్కో ఫుట్‌నోటు తెరిపించండి. ఆ పత్రం, ఆ పేజీ, అందులో ఆ మాట, మూడూ కంటికి కనబడాలి. ఏ ఒక్కటి లేకపోయినా ఫుట్‌నోటు కొట్టేయమనండి. దాన్ని నమ్ముకుని రాసిన వాక్యాన్ని కూడా.