మూడు నెలల షుగరు పరీక్షకు ఇంటి దగ్గరే రక్తం ఇవ్వవచ్చా?

ప్రయోక్త: శ్రోతలకు నమస్కారం. ఉదయగిరి, వింజమూరు వైపు పల్లెల్లో చాలామంది మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటారు గాని, మూడు నెలల షుగరు పరీక్ష అనేసరికి నెల్లూరు దాకా ఎవరు పోతారులే అని వాయిదా వేస్తూ ఉంటారు. కావలిలో చాలాకాలంగా మధుమేహ రోగులను చూస్తున్న డాక్టరు గారు ఈరోజు మనతో ఉన్నారు. డాక్టరు గారూ, ఇంటి దగ్గర ఇచ్చిన రక్తంతో వచ్చే ఫలితాన్ని నమ్మవచ్చా అండీ?

డాక్టరు: నమ్మవచ్చమ్మా. కాకపోతే రక్తం సరిగా తీయాలి, పాడుకాకుండా ల్యాబుకు చేరాలి. నిజానికి హెచ్‌బీఏ1సీ, అంటే మనం చెప్పుకుంటున్న ఈ మూడు నెలల షుగరు పరీక్ష, ఇంటి నమూనాకు చాలా అనువైనది. దీనికి పరగడుపున ఉండనక్కరలేదు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అన్నాళ్లూ రక్తంలోని గ్లూకోజు ఆ కణంలోని హిమోగ్లోబిన్‌కు కొద్దికొద్దిగా అంటుకుంటూ పోతుంది కాబట్టి, పరీక్షకు రెండు రోజుల ముందు అన్నం తగ్గించినంత మాత్రాన ఫలితం మారిపోదు. మే నెలంతా ఉలవపాడు మామిడిపండ్లు రోజూ తిని షుగరు పెంచుకున్నవారికి ఆ సంగతి జూన్ పరీక్షలో బయటపడుతుంది, ఎందుకంటే చివరి నెల రోజుల ప్రభావమే ఫలితం మీద ఎక్కువగా ఉంటుంది.

ప్రయోక్త: ఇంట్లో గ్లూకోమీటరు ఉంది కదా, మళ్లీ ఇదెందుకు అని అడిగేవారు ఉన్నారండీ.

డాక్టరు: గ్లూకోమీటరు ఆ క్షణంలో ఉన్న షుగరును చెబుతుంది, ఇది గడచిన రెండు మూడు నెలల సగటును చెబుతుంది. 7 శాతం వస్తే సగటున 154 మిల్లీగ్రాములు ఉన్నట్టు, 9 శాతమైతే 212 ఉన్నట్టు లెక్క. ఉదయం పూట చూసుకుంటే 120 వస్తున్నా, భోజనం తరువాత రోజూ 250 దాటుతున్నవారు ఉంటారు. వారి సంగతి తేలేది ఇక్కడే.

ప్రయోక్త: రక్తం తీసే పద్ధతి గురించి కాస్త వివరంగా చెప్పండి.

డాక్టరు: ల్యాబు మనిషి వచ్చి చేతి నరం నుంచి తీస్తే ఊదారంగు మూత ఉన్న చిన్న గొట్టంలో పోస్తారు. రక్తం గడ్డకట్టకుండా అందులో మందు ఉంటుంది, అది కలిసేలా గొట్టాన్ని నెమ్మదిగా అటూ ఇటూ ఎనిమిది పది సార్లు తిప్పాలి, గట్టిగా ఊపకూడదు. మీ ఎదుటే గొట్టం మీద పేరు, తేదీ రాయించుకోండి. నేను దీన్ని పట్టుబట్టి చెబుతాను, ఒకే ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఇచ్చేటప్పుడు గొట్టాలు తారుమారైతే మందులే మారిపోతాయి. కొన్ని కిట్లలో మనమే వేలికి సూది పొడుచుకుని, రక్తపు చుక్కను ప్రత్యేకమైన కాగితం మీద వేసి పంపాలి. చేతులు గోరువెచ్చని నీటితో కడిగి, పూర్తిగా తుడుచుకుని, వేలి కొసన మధ్యలో కాకుండా పక్కగా పొడవాలి. మొదటి చుక్కను తుడిచేసి, తరువాత దానంతట అది ఊరే చుక్కను వాడాలి. వేలిని పిండితే కణజాలపు నీరు కలుస్తుంది. కాగితాన్ని ఎండలో కాక నీడలోనే ఆరనివ్వాలి.

ప్రయోక్త: మన నెల్లూరు ఎండలు తెలిసినవే కదండీ!

డాక్టరు: అందుకే ఆ మాట మళ్లీ చెబుతున్నాను. మధ్యాహ్నం దాకా స్కూటరు డిక్కీలో ఉన్న గొట్టాన్ని నేను ఒప్పుకోను. ఐస్ ప్యాకుల పెట్టె తెచ్చారో లేదో అడగండి, రక్తం వాటికి నేరుగా తగిలి మంచులా గడ్డకట్టుకుపోకూడదు కూడా. వేసవిలో ఉదయాన్నే రమ్మనడం మేలు.

ప్రయోక్త: ఎన్నాళ్లకొకసారి చేయించుకోవాలి? ఈ పరీక్ష సరిపడనివారు ఎవరైనా ఉన్నారా?

డాక్టరు: షుగరు అదుపులో ఉంటే ఏడాదికి రెండుసార్లు చాలు, మందు మార్చినా, అదుపు తప్పినా మూడు నెలలకొకసారి చేయించాలి. ఇక రక్తహీనత ఉన్న ఆడవారి విషయంలో నాకు ఎక్కువ ఆందోళన. ఇనుము లోపిస్తే ఫలితం ఉన్నదానికన్నా ఎక్కువగా చూపవచ్చు. ఈమధ్య రక్తం ఎక్కించుకున్నా, బాగా రక్తం పోయినా తక్కువగా చూపవచ్చు. మూత్రపిండాల జబ్బు ముదిరినవారికీ ఇది నమ్మకంగా ఉండదు. అలాంటివారు అదే నమూనాలో హిమోగ్లోబిన్ కూడా చూడమని చెప్పి, ఇంట్లో వేళకు చూసుకున్న గ్లూకోమీటరు అంకెల పుస్తకాన్ని వెంట తెస్తే, రెండూ పక్కపక్కన పెట్టి మందు నిర్ణయిస్తాము.