ఎవరితో పోల్చి? మందుల మంచిచెడ్డలు తేల్చే లెక్క

సభకు నమస్కారం.

మన ఇళ్ళలో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "ఆ మందు నాకు పడలేదు." ఈ మాటంటే నాకు గౌరవం. ఒక మనిషి తన ఒంట్లో వచ్చిన మార్పును గమనించి, వేసుకున్న మాత్రతో ముడిపెట్టి ఆలోచించాడన్నమాట. శాస్త్రం మొదలయ్యేది అక్కడే. అయితే అక్కడే ఆగిపోకూడదు. కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకి బరువుకే పండు రాలిందనుకుంటే పొరపాటు కనుక, మన పెద్దలు దానికి కాకతాళీయం అని పేరు పెట్టారు. మాత్ర వేసుకున్న మర్నాడు దద్దుర్లు వచ్చాయి. అది మాత్ర పనా, కాకతాళీయమా? ఒక్క మనిషిని చూసి చాలాసార్లు చెప్పలేం. వేలమందిని, లక్షలమందిని చూసి చెప్పే శాస్త్రం పేరు ఫార్మకోఎపిడెమియాలజీ.

ముందు మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మా పెద్దమ్మకు రక్తపోటుకు ఆమ్లోడిపిన్ రాశారు. కొన్ని వారాలకు పాదాలు వాచాయి. వయసు మీద పడిందనుకుంది. వాపు తగ్గడానికి ఇంకో మాత్ర చేరింది. దానితో రాత్రి నాలుగుసార్లు లేవాల్సి వచ్చి నిద్ర పోయింది. నిద్రకు మూడో మాత్ర చేరింది. ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి పాదాలు వాస్తాయన్నది ఎప్పటినుంచో తెలిసిన విషయమే. కానీ వాపు మొదలైంది మాత్రకు ముందా, తరవాతా అని ఎవరూ అడగలేదు. మందుల షాపుకు పక్కనే ఉంటూ నేనూ అడగలేదు. ఈ శాస్త్రం మీద నాకున్న పట్టుదలకు ఆ మూడు మాత్రల అట్టలే కారణం.

"మందు బజారులోకి రాకముందే క్లినికల్ ట్రయల్స్ చేస్తారు కదా, అన్నీ అప్పుడే తేలిపోవా?" అని చాలామంది అడుగుతారు. తేలవు. ఒక మందును 3,000 మందికి ఇచ్చి చూశారనుకుందాం. ఫలానా ప్రమాదం ఒక్కరికీ రాలేదు. అంటే ఆ ప్రమాదం లేదని అర్థమా? కాదు. అది వెయ్యికి ఒకరిని మించి ఉండదని 95 శాతం నమ్మకంతో చెప్పగలం, అంతే. ఆ మందును కోటిమంది వాడితే వెయ్యికి ఒకరు చొప్పున 10,000 మంది! పైగా ట్రయల్స్‌లోకి గర్భిణులను, బాగా వృద్ధులను, నాలుగైదు జబ్బులున్నవారిని సాధారణంగా తీసుకోరు. బయటికొచ్చాక ఆ మందు వాడేది వాళ్ళే.

అందుకే అనుమతి వచ్చిన రోజుతో మందు పరీక్ష ముగిసిపోదు. థాలిడోమైడ్ ఈ పాఠాన్ని ఘోరంగా నేర్పింది. పశ్చిమ జర్మనీలో 1957లో నిద్రమందుగా అమ్మకానికి వచ్చింది. గర్భిణులు వేవిళ్ళకూ వాడారు. 1961 చివర్లో జర్మనీలో విడుకిండ్ లెంజ్, ఆస్ట్రేలియాలో విలియం మెక్‌బ్రైడ్ ఎవరికి వారు ప్రమాదాన్ని బయటపెట్టేసరికి ప్రపంచమంతటా సుమారు 10,000 మంది బిడ్డలు చేతులు, కాళ్ళు సరిగా ఎదగకుండా పుట్టారు. ఆ లోపం అంతకుముందు ఎంత అరుదంటే, ఒకే ఊళ్ళో కొన్ని కేసులు కనబడేసరికి డాక్టర్లు ఉలిక్కిపడ్డారు. పోల్చి చూడవలసిన పని దాదాపు లేకపోయింది.

ప్రతి మందూ అలా పట్టుబడదు. గుండెపోటు నలుగురికీ వచ్చేదే. ఒక నొప్పి మాత్ర దాన్ని ఇంకొంచెం పెంచితే ఏ ఒక్క డాక్టరు కంటికీ ఆనదు. రోఫెకాక్సిబ్ అనే నొప్పి మాత్ర 1999లో వచ్చింది. ప్లాసిబోతో, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్రతో, పోల్చిన పెద్ద ట్రయల్‌లో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాక 2004 సెప్టెంబరులో తయారీదారే వెనక్కి తీసుకున్నాడు. మన దేశం కూడా అదే ఏడాది నిషేధించింది. ఆ అయిదేళ్ళలో ఎన్ని ఇళ్ళలో "వయసు కదా, గుండె ఆగింది" అనుకుని ఊరుకున్నారో!

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన ఒక పరిశోధన దగ్గర కాసేపు నిలుస్తాను. అమెరికాలోని బోస్టన్. 1960ల చివర్లో 15 నుంచి 22 ఏళ్ళ అమ్మాయిలకు యోనిలో ఒక రకం కాన్సర్ కనబడింది. ఆ వయసులో అది రావడం డాక్టర్లు దాదాపు ఎరగరు. హెర్బ్‌స్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు ఎనిమిదిమంది రోగులను తీసుకున్నారు. ఒక్కొక్కరికి నలుగురు ఆరోగ్యవంతులైన అమ్మాయిలను జతచేశారు. ఆ నలుగురినీ ఎలా ఎంచారో చూడండి: రోగి పుట్టిన ఆసుపత్రిలోనే, ఆమె పుట్టిన అయిదు రోజుల లోపు, అదే తరహా వార్డులో పుట్టినవాళ్ళు. కలిగినవారు వైద్యం చేయించుకునే తీరు వేరు, లేనివారి తీరు వేరు. ఆ తేడా లెక్కను పాడుచేయకుండా ముందే కట్టడి చేశారు.

తరవాత తల్లులను అడిగారు. ఎనిమిదిమందిలో ఏడుగురు తల్లులు ఆ కాన్పు మొదటి నెలల్లో గర్భం నిలవడానికి డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే హార్మోను వాడారు. మిగతా 32 మంది తల్లుల్లో ఒక్కరూ వాడలేదు. 1971లో ఇది అచ్చయింది. అదే ఏడాది చివర్లో గర్భిణులకు ఆ మందు ఇవ్వవద్దని అమెరికా ఔషధ సంస్థ చెప్పింది. నన్ను ఎక్కువగా బాధించేది ఇంకొకటి. ఆ మందు గర్భస్రావాన్ని ఆపదని షికాగోలో ట్రయల్ 1953లోనే తేల్చింది. అయినా రాస్తూనే వచ్చారు.

జబ్బు వచ్చినవారి దగ్గర మొదలుపెట్టి, వెనక్కి నడిచి మందును వెతికే ఈ పద్ధతిని కేస్-కంట్రోల్ అధ్యయనం అంటారు. అరుదైన జబ్బుకు ఇదే సరైన దారి. నలభై మందితో సరిపోయింది చూడండి! దీనికో బలహీనత ఉంది. బిడ్డ జబ్బుపడిన తల్లి ప్రతి మాత్రనూ తవ్వి తవ్వి గుర్తుచేసుకుంటుంది, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ తల్లి మరిచిపోతుంది. అందుకని జ్ఞాపకాన్ని ఆసుపత్రి రికార్డులతో సరిచూడాలి.

ఎదురు దిశలో నడిచేది కోహార్ట్ అధ్యయనం. మందు వాడినవారిని, వాడనివారిని ఎంచుకుని, ఏళ్ళ తరబడి వెంట ఉండి ఎవరికి ఏమైందో చూస్తారు. బోస్టన్ కథ విన్నవారికి, ఆ మందు వాడిన తల్లుల కూతుళ్ళందరికీ కాన్సర్ వస్తుందేమోనని గుండె ఝల్లుమంటుంది. ఆ కూతుళ్ళ వెంట నడిచి చూస్తే, వచ్చింది దాదాపు వెయ్యికి ఒకరికి.

ఎన్ని రెట్లు పెరిగింది అన్నది ఒక ప్రశ్న, ఎంతమందిలో ఎంతమందికి అన్నది వేరే ప్రశ్న. 1995లో బ్రిటన్‌లో కొత్త తరం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తనాళాల్లో గడ్డకట్టే ప్రమాదం రెట్టింపవుతుందని ప్రభుత్వ సంఘం హెచ్చరించింది. నిజానికి 7,000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి అయింది. రెట్టింపు అన్న ఒక్క మాటే అందరి చెవినా పడింది. భయపడి చాలామంది మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో గర్భం తీయించుకున్నవారు సుమారు 13,000 మంది పెరిగారు. రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆ మాత్రల కంటే గర్భంలోనే ఎక్కువ! పత్రికల్లో రాసే మిత్రులు ఇక్కడ ఉంటే నా మనవి ఒకటే: రెట్లు రాసిన ప్రతిచోటా ఎంతమందిలో అన్నది కూడా రాయండి.

ఇక ఈ శాస్త్రంలోని అసలు చిక్కు. వాన వెలిశాక వీధిలో చూస్తే గొడుగు ఉన్నవారి కాళ్ళే బురదగా ఉంటాయి. బురద గొడుగు వల్ల కాదు, వాళ్ళు వానలో బయటికి వెళ్ళడం వల్ల. ఉబ్బసం ముదిరినవారికి ఎక్కువ మందు ఇస్తారు. వాళ్ళే ఎక్కువగా చనిపోతే నేరం మందుదా, ముదిరిన జబ్బుదా? దీనికి ఎదురు పొరపాటూ ఉంది. ముట్లుడిగాక హార్మోన్లు వాడే స్త్రీలకు గుండెజబ్బు తక్కువని ఏళ్ళ తరబడి కోహార్ట్ అధ్యయనాలు చెప్పాయి. అమెరికాలో 16,608 మంది స్త్రీలపై, ఎవరికి హార్మోను, ఎవరికి ఉత్తుత్తి మాత్ర అన్నది లాటరీ తీసినట్టు తేల్చి చేసిన ట్రయల్‌ను 2002లో మధ్యలోనే ఆపేశారు. గుండెజబ్బు తగ్గకపోగా కొంత పెరిగింది, రొమ్ము కాన్సర్ కూడా పెరిగింది. తేడా ఎందుకొచ్చిందో ఇప్పటికీ చర్చ ఉంది. హార్మోన్లు వాడిన స్త్రీలు ముందునుంచీ చదువు, డబ్బు, ఆరోగ్యం మీద శ్రద్ధ ఎక్కువ ఉన్నవాళ్ళు కావడం ఒక ముఖ్య కారణం.

అందుకే ఇప్పుడు మందు వాడేవారిని ఏమీ వాడనివారితో పోల్చడం తగ్గించారు. అదే జబ్బుకు వేరే మందు వాడేవారితో పోలుస్తారు. ఇద్దరూ ఆ మందులు కొత్తగా మొదలుపెట్టిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. ఏళ్ళుగా వాడుతున్నవారిని కలిపితే, పడక మధ్యలో మానేసినవారు లెక్కలోంచి జారిపోతారు. "నాకు పడలేదు" అన్న మనిషే అక్కడ కనిపించకుండా పోతాడు.

ఇంత లెక్కకు రాత కావాలి. డెన్మార్క్, స్వీడన్ వంటి దేశాల్లో ఎవరు ఏ మందు ఎప్పుడు కొన్నారో దేశమంతటి రికార్డు ఉంది. మనకు చీటీ లేకుండానే మాత్ర దొరుకుతుంది, చీటీ ఉన్నా వారానికి చిరిగిపోతుంది. అయితే 2010 నుంచి మనకు జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం, అంటే మందుల చెడు ప్రభావాల మీద నిఘా, ఉంది. దాని కేంద్రం ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్. మందు పడలేదన్న మాటను అక్కడికి చేర్చడానికి డాక్టరే కానక్కరలేదు. 1800-180-3024కు ఫోను చేస్తే డబ్బు పడదు.

రోగులు నింపే ఫారం తెలుగులోనూ ఉంది. కొన్ని ప్రతులు ఆ చివర బల్ల మీద పెట్టాను. సభ అయ్యాక నేను అక్కడే కూర్చుంటాను. ఇంట్లో పెద్దవాళ్ళు వాడే మందుల అట్టలు, ఏ మాత్ర ఎప్పుడు మొదలుపెట్టారో తేదీలు తెచ్చినవారు ఉంటే రండి, కలిసి చూద్దాం.