స్విఫ్ట్ నాలుగు తరాలు: కారు పెరిగిందా, తరిగిందా? (చర్చ పూర్తి పాఠం)

మాటలు ఎలా దొర్లాయో అలాగే ఇస్తున్నాం. ఎవరి వంతు ఎవరు లాక్కున్నదీ చదివితే తెలుస్తుంది. వెనుక సీటు భద్రత గురించి ఇంజినీర్ మాట్లాడబోయిన ప్రతిసారీ చర్చ ఇంకెటో మళ్లింది. కొనేముందు అందరూ వినాల్సిన మాట అదేనని నా నమ్మకం.

యాంకర్: నమస్కారం. బరువు 909 కిలోల లోపు, ఇంజిన్ 1200 సీసీ లోపు, పొడవు నాలుగు మీటర్ల లోపు ఉన్న పెట్రోల్ కార్లకు ఇంధన పొదుపు లెక్కల్లో కొంత వెసులుబాటు ఇస్తామని 2025 సెప్టెంబరులో కేఫ్-3 (ఒక కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు ఇంధన వాడకానికి ప్రభుత్వం పెట్టే పరిమితి) ముసాయిదా వచ్చింది. దాంతో కార్ల కంపెనీలు రెండుగా చీలిపోయాయి. చిన్న కారు బతకాలంటే ఇది కావాలని ఒకరు, తేలిక కార్లకు రాయితీ ఇస్తే భద్రత ఏమవుతుందని ఇంకొకరు. మనం ఈ గొడవను ఒకే కారు మీద పెట్టి చూద్దాం. మారుతి స్విఫ్ట్. 2005, 2011, 2018, 2024... నాలుగు తరాలు. అందరికీ సమానంగా సమయం ఇస్తాను. ముందు జర్నలిస్ట్ గారు చెప్పండి.

జర్నలిస్ట్: 2005 మేలో ఇది వచ్చేనాటికి మన దేశంలో చిన్న కారంటే జనం ముందు అడిగేది ధర, మైలేజీ. స్విఫ్ట్ వచ్చాక కుర్రాళ్లు మొదటిసారి...

మెకానిక్: అసలు బండి అదేనండీ! 1298 సీసీ, నాలుగు సిలిండర్లు, 87 హార్స్‌పవర్. తలుపు వేస్తే ధడ్ మని పడేది. ఇప్పుడు వేసి చూడండి ఎలా ఉంటుందో.

యాంకర్: మీ దగ్గరికి వస్తానండీ. జర్నలిస్ట్ గారూ, నాదొక ప్రశ్న. ఈ కారు ఆకారాన్ని నిర్ణయించింది నాలుగు మీటర్ల పన్ను నిబంధనే కదా?

జర్నలిస్ట్: పూర్తిగా కాదు. 2006 బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజ్ 24 శాతం నుంచి 16కు తగ్గించారు. షరతులు రెండు. పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటకూడదు. స్విఫ్ట్ పొడవులో ఎప్పుడూ ఇబ్బంది పడలేదు. ఇరుక్కున్నది ఇంజిన్ దగ్గర. 1298 సీసీ కదా. అందుకే 2010లో 1197 సీసీ కె-సిరీస్...

యాంకర్: అంటే నిబంధనే మార్చింది!

జర్నలిస్ట్: ఇంజిన్‌ను మార్చింది, పొడవును కాదు అంటున్నాను.

యాంకర్: మరి స్విఫ్ట్‌కే డిక్కీ తగిలించిన డిజైర్? 2008లో 4160 మిల్లీమీటర్లు ఉన్నది 2012లో 3995కి వచ్చింది. డిక్కీ కోసేశారు. నాలుగు మీటర్ల కత్తెర!

జర్నలిస్ట్: డిజైర్ విషయంలో మీరన్నది నిజమే. కానీ మనం మాట్లాడుకుంటున్నది...

మెకానిక్: సార్, మీరు పొడవు కొలుస్తూ కూర్చున్నారు. గ్యారేజీకి వచ్చే మనిషి టేపు పట్టుకుని రాడు. బండి లాగుతోందా లేదా, సామాను దొరుకుతుందా లేదా, అంతే. 2007లో డీజిల్ ఇచ్చారు చూశారా? ఫియట్ వాళ్ల 1.3 మల్టీజెట్. 75 హార్స్‌పవరే, కానీ 190 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం. అదే ఇంజిన్ ఇండికా విస్టాలో ఉంది, పుంటోలో ఉంది, రిట్జ్‌లో ఉంది. దేశమంతా తిరిగింది. దాన్ని తీసేశారు! ఎందుకు తీసేశారో ఒక్కరు చెప్పండి.

ఇంజినీర్: నేను చెబుతాను. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 పొగ నిబంధనలు. డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్ కావాలి, నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే ఏర్పాటు కావాలి. పెద్ద ఎస్‌యూవీ ధరలో ఆ ఖర్చు కలిసిపోతుంది. ఈ సైజు కారులో కలవదు. పెట్రోల్ బండికీ దీనికీ ధర తేడా పెరిగిపోతే కొనేవాడికి మిగిలేది ఉండదు.

మెకానిక్: మిగిలేది లేదంటారేంటి మేడమ్! రోజూ హైవే ఎక్కేవాడిని అడగండి. ఇదిగో, ఈ తమ్ముడు క్యాబ్ నడుపుతాడు. అడగండి.

క్యాబ్ డ్రైవర్: అన్న చెప్పింది నిజమే. డీజిల్ డిజైర్‌లో ఏసీ వేసినా, నలుగురు ఎక్కినా ఫ్లైఓవర్ మీద గేరు మార్చే పని ఉండేది కాదు. ఇప్పుడు సీఎన్‌జీ. ఖర్చు తక్కువే. కానీ డిక్కీలో సిలిండర్ కూర్చుంది. ఎయిర్‌పోర్ట్ బేరం వస్తే సూట్‌కేసులు ఎక్కడ పెట్టమంటారు?

యాంకర్: చూశారా, డిక్కీ సమస్య. మళ్లీ నాలుగు మీటర్ల దగ్గరికే వచ్చాం.

జర్నలిస్ట్: అది సిలిండర్ సమస్యండీ! స్విఫ్ట్ డిక్కీ నిజానికి పెరిగింది. రెండో తరంలో 204 లీటర్లు, 2018లో 268. చక్రాల మధ్య దూరం కూడా 2390 నుంచి 2430, అక్కడి నుంచి 2450 మిల్లీమీటర్లకు వచ్చింది. పొడవు నాలుగు మీటర్ల లోపే ఉంచి లోపల చోటు తీశారు. దానికి మెచ్చుకోవాలి.

మెకానిక్: చోటు తీశారు, రేకు కూడా తీశారు. బానెట్ మీద బొటనవేలితో నొక్కండి, లోపలికి పోతుంది. పాతది టన్ను బరువుండేది. 2018ది 900 కిలోల లోపే. ఆ మధ్యలో పోయిన వంద కిలోలు ఎక్కడివి? జనం ప్రాణాలవి!

ఇంజినీర్: ఈ మాట దగ్గర నన్ను ఆపకుండా చెప్పనివ్వండి. బయటి రేకు మందం మనిషిని కాపాడదు. బానెట్, బంపర్ నలగడానికే ఉంటాయి. నలుగుతూ దెబ్బలోని శక్తిని మింగుతాయి. మనిషిని కాపాడేది తలుపుల మధ్య స్తంభాలు, కింది పట్టీలు, ముందు నుంచి వచ్చే దూలాలు. అక్కడ ఎంత గట్టి ఉక్కు వాడారు, అతుకులు ఎలా వేశారు అన్నది ముఖ్యం. 2018లో హార్టెక్ట్ అనే తేలికైన ప్లాట్‌ఫామ్‌తో వచ్చిన మన స్విఫ్ట్‌కు కార్లను గుద్దించి పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 5కు 2 నక్షత్రాలు ఇచ్చింది. బాడీ నిలకడగా లేదంది. 2022లో పరీక్షలు కఠినం చేశాక 1 నక్షత్రమే వచ్చింది. అంటే...

మెకానిక్: అదే కదా నేనూ అంటున్నది!

ఇంజినీర్: కాదండీ. పూర్తిగా వినండి. 2024లో వచ్చిన డిజైర్ కూడా ఆ హార్టెక్ట్ మీదిదే. పెద్దల భద్రతలో దానికి గ్లోబల్ ఎన్‌క్యాప్ 5 నక్షత్రాలు ఇచ్చింది. పిల్లల భద్రతలో 4. బరువు మళ్లీ టన్నుకు పెరిగి రాలేదు ఆ నక్షత్రాలు. తేలిక బండిని కూడా గట్టిగా కట్టవచ్చు. అడగాల్సిన ప్రశ్న ఏంటంటే, అది 2018లోనే ఎందుకు...

యాంకర్: మంచి పాయింట్. అయితే మేడమ్, డిజైర్‌కు 5 రావడానికి దాని వెనుక డిక్కీ ఉండటం, అంటే పొడవు...

ఇంజినీర్: ముందు నుంచి గుద్దే పరీక్షకు వెనుక డిక్కీతో సంబంధం ఏముందండీ?

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. కొన్ని మాటలు వినిపించలేదు.)

మెకానిక్: నక్షత్రాలు పక్కన పెట్టండి. మూడు సిలిండర్ల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. నాలుగో తరం స్విఫ్ట్ కొన్నవాళ్లు మా దగ్గరికి వచ్చి మొదట అనే మాట, సిగ్నల్ దగ్గర స్టీరింగ్‌లో సన్నగా వణుకు తెలుస్తోంది అని. 90 హార్స్‌పవర్ ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజిన్ తీసి 82 ఉన్నది పెట్టారు. కొత్త మోడల్ అంటే శక్తి పెరగాలా, తగ్గాలా?

జర్నలిస్ట్: నేను నాలుగు తరాలూ నడిపాను. ఊళ్లో నెమ్మదిగా పోయేటప్పుడు కొత్త ఇంజిన్ బాగుంది. ఇబ్బంది హైవే మీద. గట్టిగా తొక్కితే పాతది ఇష్టంగా పరిగెత్తేది, ఇది సరిపెట్టుకో అన్నట్టు ఉంటుంది. స్విఫ్ట్ అన్న పేరును ఆ పరుగే నిలబెట్టింది. నాకు నిజంగా బాధగా ఉంది.

మెకానిక్: విన్నారా! ఆయన కూడా అదే అంటున్నారు.

ఇంజినీర్: టార్క్ దాదాపు అంతే ఉంది. 113కు బదులు 112. సిలిండర్ ఒకటి తగ్గితే లోపల రాపిడి తగ్గుతుంది, వేడి వృథా తగ్గుతుంది. మాన్యువల్‌కు లీటరుకు 24.8, గేర్లు దానంతట అదే మార్చుకునే ఏఎంటీకి 25.75 కిలోమీటర్లని కంపెనీ ప్రకటించింది. మన రోడ్ల మీద అంత రాకపోవచ్చు, కానీ కేఫ్ లెక్కలకు పనికొచ్చేది ఆ పరీక్ష అంకెలే. వణుకు ఉన్న మాట నిజం. మూడు సిలిండర్లలో ఆ అసమతుల్యత సహజం, ఇంజిన్ మౌంట్లతో తగ్గించాలి.

యాంకర్: ఇక్కడే నా ప్రశ్న. 1200 సీసీ గీత లేకపోతే, నాలుగు మీటర్ల గీత లేకపోతే, కంపెనీ ఇంకా మంచి స్విఫ్ట్ ఇచ్చి ఉండేదా?

జర్నలిస్ట్: ధర పెరిగేది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ గీతల లోపలి కార్లకే జీఎస్టీ 18 శాతం. అంతకు ముందు 28, పైన సెస్సు. గీత దాటి కారు కట్టే ధైర్యం ఎవరికుంటుంది?

యాంకర్: అదీ! నేను మొదటి నుంచీ అంటున్నది అదే.

క్యాబ్ డ్రైవర్: అన్నా, నేనొకటి అడగనా? కిరాయికి తిప్పే బండిలో వెనుక కూర్చునేవాళ్లు బెల్టు పెట్టుకోమంటే పెట్టుకోరు. ఆరు ఎయిర్‌బ్యాగులు ఇచ్చినా...

ఇంజినీర్: చాలా ముఖ్యమైన మాట అన్నారు. 2024 స్విఫ్ట్‌లో అన్ని రకాల్లోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇచ్చారు, అది మంచి అడుగు. ప్రభుత్వం ఆరు తప్పనిసరి చేస్తామని 2022లో ముసాయిదా తెచ్చి, 2023లో వెనక్కి తగ్గింది. కానీ బెల్టు లేకుండా ఎయిర్‌బ్యాగ్ సరిగా పనిచేయదు. ఇక వెనుక పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్...

మెకానిక్: మేడమ్, పిల్లల సీటు మన దగ్గర ఎంతమంది కొంటారు చెప్పండి? ముందు ఇంజిన్ మాట తేల్చండి. నాలుగు సిలిండర్లు తిరిగి తెస్తారా, తేరా?

ఇంజినీర్: కొనకపోవడమే సమస్య అంటున్నాను! వెనుక కూర్చున్న పిల్లవాడికి...

మెకానిక్: సమస్య బండిది. కొనేవాడి మీదకి తోయకండి.

యాంకర్: సమయం అయిపోతోంది. ఒక్కొక్కరు ఒక్క వాక్యం. ఈ ముసాయిదా అమల్లోకి వస్తే స్విఫ్ట్ ఐదో తరం ఎలా ఉంటుంది? నాలుగు మీటర్లను దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

జర్నలిస్ట్: 909 కిలోల గీతకు ఇప్పటి స్విఫ్ట్ చాలా దగ్గర్లోనే ఉంది. పది ఇరవై కిలోలు గీకి లోపలికి తేవాలన్న ఆశ పుడుతుంది. ఎక్కడ గీకుతారన్నదే నా భయం.

ఇంజినీర్: బరువుకు రాయితీ ఇచ్చేవాళ్లు దానితో పాటు క్రాష్ పరీక్షలో కనీస నక్షత్రాలు కూడా షరతుగా పెట్టాలి. 2023 అక్టోబరు నుంచి మన దేశపు సొంత క్రాష్ పరీక్ష భారత్ ఎన్‌క్యాప్ ఉంది, కానీ అది ఇష్టమైతే చేయించుకునే పరీక్ష. దాన్ని...

మెకానిక్: నేను చెబుతాను, రాసిపెట్టుకోండి. 30 లక్షలకు పైగా అమ్ముడుపోయిన బండి ఇది. జనం దాన్ని నక్షత్రాలు చూసి కొనలేదు, లాగుతుందని కొన్నారు. ఆ లాగుడు పోతే...

ఇంజినీర్: నా వాక్యం పూర్తి కాలేదు.

యాంకర్: మేడమ్, క్షమించాలి, విరామానికి వెళ్లాలి. మొత్తానికి, ఇంజిన్ విషయంలో మన మెకానిక్ గారి వాదన బలంగా...

ఇంజినీర్: ఎవరు తేల్చారండీ అది?

మెకానిక్: జనం తేల్చారు! మా గ్యారేజీ ముందు పాత డీజిల్ స్విఫ్ట్ అమ్మకానికి పెడితే బేరగాళ్లు ఎలా వస్తారో వచ్చి చూడండి. కొత్తదాని కోసం అలా...

(ప్రసార సమయం ముగిసింది.)