ఉమ్మడి గోడల మధ్య ఏడేళ్లు: బాల్టిమోర్ పాత వరుస ఇంటి రివ్యూ

నమస్కారం. కెమెరా కొంచెం వంకరగా ఉంటే క్షమించాలి, ఈ మెట్ల మీద స్టాండు సరిగ్గా నిలవడం లేదు. నేను కూర్చున్న ఈ తెల్ల మెట్లు చలువరాతివి. ఊరికి ఉత్తరాన ఉన్న కాకీస్‌విల్ గనుల రాయి ఇది. ఆ ప్రాంతపు చలువరాయితోనే రాజధానిలోని వాషింగ్టన్ స్తంభం కింది భాగం కట్టారు. అంత గొప్ప రాయిని ఇక్కడ కూలివాళ్ల ఇళ్లకు గడప మెట్లుగా వేశారు. శనివారం వచ్చిందంటే ఆడవాళ్లు వీటిని రాయీ పొడీ పెట్టి తెల్లగా తోమేవారట. పక్కింటి పెద్దావిడ ఇప్పటికీ తోముతుంది. మా అమ్మ వచ్చినప్పుడు ఆవిడ పక్కనే కూర్చుని మొదటి మెట్టు మీద చిన్న ముగ్గు వేసింది. భాష కలవలేదు కానీ ఇద్దరికీ బాగా కుదిరింది.

మేరీలాండ్‌లో ఉన్న మన తెలుగువాళ్లు చాలామంది నన్ను ఒకటే అడుగుతారు: ఎల్లికాట్ సిటీలో గరాజు, పెరడు ఉన్న ఇల్లు వదిలేసి బాల్టిమోర్ పాత ఓడరేవు వాడ ఫెల్స్ పాయింట్ పక్కన పద్నాలుగు అడుగుల వెడల్పు ఇంట్లో ఎందుకు ఇరుక్కున్నావు? ఏడేళ్లు ఉన్నాక చెబుతున్న జవాబు ఈ వీడియో. పొగడ్త కాదు, తిట్టు కూడా కాదు.

ముందు ఈ ఇళ్లు ఇంకా ఎందుకు నిలిచి ఉన్నాయో చెప్పాలి, ధర కూడా దాని మీదే ఆధారపడింది కాబట్టి. 1904 ఫిబ్రవరిలో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఊరి నడిబొడ్డున పదిహేను వందలకు పైగా భవనాలు కాలిపోయాయి. మంట జోన్స్ ఫాల్స్ వాగు దగ్గర ఆగింది, ఈ వైపుకు దాటలేదు. అగ్ని వదిలిన దాన్ని 1960లలో రోడ్డు పట్టుకుంది: ఈ వీధుల మీదుగా పెద్ద రహదారి వేయాలని పథకం వేశారు. అడ్డుకున్నవాళ్లలో బార్బరా మికల్స్కీ ఒకరు. అప్పటికి ఆవిడ సామాజిక కార్యకర్త, తరువాత సెనేటర్ అయ్యారు. 1969లో ఫెల్స్ పాయింట్ జాతీయ చారిత్రక స్థలాల జాబితాలోకి ఎక్కింది. రహదారి ఆగిపోయింది. కాబట్టి ఈ ఇళ్లు మిగిలాయంటే ఎవరో పోట్లాడి మిగిల్చారు.

ఇంకో మాట. ఇక్కడికి నడిచి వెళ్లేంత దూరంలో డాలస్ వీధిలో ఐదు ఇళ్ల వరుస ఒకటి ఉంది. యువకుడిగా, ఇంకా బానిసగానే ఈ ఓడరేవులో పనిచేసి, తరువాత బానిసత్వంపై పోరాడిన నాయకుడైన ఫ్రెడరిక్ డగ్లస్, 1892లో నల్లజాతివారికి అద్దెకివ్వడం కోసం ఆ ఇళ్లు కట్టించారు. ఆ తరువాత పద్దెనిమిదేళ్లకే, 1910లో, ఏ వీధిలో ఏ రంగువాళ్లు ఉండాలో నిర్ణయిస్తూ ఇదే నగరం చట్టం చేసింది. ఇప్పటికీ ఒక వరుసకూ నాలుగు వీధుల అవతలి వరుసకూ ధరలో అంత తేడా ఉందంటే ఇటుకల వల్ల అనుకోకండి. ఇటుకలు రెండు చోట్లా ఒకటే.

సరే, ఇంటికి వద్దాం.

లోపలికి రండి. చూశారా, ఇంతే. ముందు గది, నడిమి గది, వెనక వంటగది, ఒకదాని వెనక ఒకటి. పక్కల కిటికీలు లేవు, ఉండవు. వెలుతురు ముందు నుంచో వెనక నుంచో రావాలి, అందుకే నడిమి గదిలో పగలు కూడా దీపం కావాలి. ఈ మెట్లు మలుపు తిరిగి ఎంత ఇరుకో చూడండి. మా మంచం వీటి మీదుగా పైకి ఎక్కలేదు. పైకిటికీ చట్రం తీసి తాళ్లతో లాగించాం. సోఫా కొనేముందు మెట్లు కొలవమని ఎవరూ చెప్పరు, నేను చెబుతున్నాను.

ఇప్పుడు అసలు విషయం, గోడ. ఊళ్లో ఉమ్మడి గోడ అంటే మన తాతలు కోర్టు దాకా వెళ్లేవారు. ఇక్కడ ఇంటికి రెండు వైపులా ఉమ్మడి గోడలే. ఇల్లు ఇరుకు కాబట్టి నేల దూలాలు ఈ గోడ నుంచి ఆ గోడకు నేరుగా వేశారు, మధ్యలో స్తంభం అక్కర్లేదు. వాటి కొనలు గోడలో చేసిన గూళ్లలో కూర్చుంటాయి. అవతలింటి దూలాలూ అదే గోడలో ఆనుకున్నాయి. అందుకే పక్కింట్లో పిల్లవాడు మంచం మీది నుంచి దూకితే నా గదిలో గ్లాసు కదులుతుంది. మాటలు అంతగా వినబడవు కానీ అడుగులు వినబడతాయి. నేను అర్ధరాత్రి లేచి నీళ్లు తాగితే పెద్దావిడకు తెలుస్తుంది. ఒక వారం నేను ఊళ్లో లేకపోతే, తిరిగి వచ్చాక తలుపు తట్టి ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది.

ఈ గోడ లోపలి వరుసల్లో చాలాసార్లు సరిగ్గా కాలని మెత్తటి ఇటుక వాడేవారు. గట్టి ఇటుక వీధికి కనబడే ముఖానికి. మెత్తటిది ఎండా వానా చూడకూడదు. మీరు కొనే ఇంటి పక్కది ఖాళీగా పడి ఉందనుకోండి, దాని పైకప్పు చిల్లి పడితే నానేది మీ గోడే. దాన్ని కూలగొట్టారంటే మరీ కష్టం, బయటి గోడగా పనికిరానిది ఒక్కసారిగా బయటి గోడ అయిపోతుంది. ఈ నగరంలో ఖాళీ ఇళ్లు వేలల్లో ఉన్నాయి. అందుకే కొనేముందు మీ ఇంటి కంటే ముందు అటూ ఇటూ ఉన్న ఇళ్లను చూడమంటాను.

నా సొంత తప్పు కూడా చెబుతాను. రెండో ఏడు వెనక గోడలో తేమ మచ్చ వచ్చింది. తాపీ మనిషిని పిలిచాను, పేరు వద్దు. ఇటుకల మధ్య రాలిన గచ్చు గీకేసి గట్టి సిమెంటుతో పాయింటింగ్ చేశాడు. చూడటానికి నున్నగా, ముచ్చటగా ఉంది. రెండు చలికాలాలు గడిచేసరికి ఇటుకల ముఖాలు అప్పడంలా పెచ్చులు లేచాయి. కారణం ఆలస్యంగా అర్థమైంది. ఆ ఇటుకలు సున్నపు గచ్చుతో కట్టినవి. సున్నం మెత్తగా ఉండి తడిని బయటికి వదులుతుంది. సిమెంటు వదలదు. నీళ్లు ఇటుకలోనే ఉండిపోయి, చలికి గడ్డకట్టి ఉబ్బి, ఇటుకనే పగలగొడతాయి. మళ్లీ అంతా తీయించి సున్నం పెట్టించాను. ఇంతకీ తేమ గోడ నుంచి వచ్చిందే కాదు, పక్కింటి వాన తూము విరిగి మా గోడ మీద కారుతోంది. ఆవిడ నలభై డాలర్లతో బాగుచేయించింది. నా ఖర్చు ఎంతో అడగకండి.

కొన్ని ఇళ్ల ముందు ఇటుక కనబడదు, రంగురంగుల రాళ్లు పేర్చినట్టు ఉంటుంది. అది రాయి కాదు, ఫార్మ్‌స్టోన్, సిమెంటు పూత. 1937లో ఇక్కడే పేటెంట్ తీసుకున్నారు. ఇటుకలకు ఏటా రంగు వేసే బాధ ఉండదని అమ్మారు. ఇప్పుడు అందరూ దాన్ని పీకి కింది ఇటుకను బయటపెడుతున్నారు. దాన్ని నిలబెట్టిన మేకుల గుంతలు ఇటుకల్లో మిగిలిపోతాయి, కాబట్టి ‘కింద అసలు ఇటుక ఉంది’ అని అమ్మేవారు చెబితే, ఏ స్థితిలో ఉందని అడగండి. నాకైతే ఆ దొంగరాళ్ల మీద కూడా కొంచెం ప్రేమ ఉంది.

పైకప్పు గురించి తొందరగా చెబుతాను. వీధి నుంచి అందమైన కార్నిస్, అంటే గోడ పైఅంచు అలంకారం, కనబడుతుంది, దాని వెనక కప్పు దాదాపు సమతలం, వెనక్కి కొంచెం వాలుగా ఉంటుంది. నీళ్లన్నీ వెనక తూములోకే. నిచ్చెన వేయించి పైకి చూడని తనిఖీ తనిఖీ కాదు.

ఇప్పుడు మనవాళ్లకు ఎంతకీ నమ్మకం కుదరని సంగతి: ఇల్లు మీది, నేల మీది కాకపోవచ్చు. దీన్ని గ్రౌండ్ రెంట్ అంటారు. వలస పాలన కాలపు పద్ధతి. నేల తొంభై తొమ్మిదేళ్ల లీజు, తీరగానే మళ్లీ మళ్లీ పొడిగించుకునే హక్కుతో. అద్దె చిన్నదే. మాకు ఏడాదికి 96 డాలర్లు, రెండు వాయిదాల్లో. చిన్నదే కదా అని మరిచిపోయినవాళ్లు కొందరు ఇళ్లనే పోగొట్టుకున్నారు. 2006లో ఇక్కడి బాల్టిమోర్ సన్ పత్రిక ఆ కథలు బయటపెట్టాక, 2007లో రాష్ట్రం నివాసాలకు కొత్త గ్రౌండ్ రెంట్లు నిషేధించి, పాతవాటిని రిజిస్టరు చేయించింది. పాతవి చాలావరకు కొనేసుకోవచ్చు. 1888 తరువాత, 1982కు ముందు రాసిన లీజు అయితే మామూలుగా ఏటి అద్దెను ఆరు శాతంతో భాగిస్తే కొనే ధర వస్తుంది. 96 డాలర్లకు 1,600. మేము కొన్న ఏడే కట్టేశాం. సొంత ఇంటి కింద పరాయి నేల అని అమ్మకు చెబితే, లెక్క ఏమీ వినకుండా వెంటనే కొనేయమంది.

పన్ను కూడా దాచకుండా చెప్పాలి. నగరంలో వంద డాలర్ల విలువకు 2.248 డాలర్లు. సరిహద్దు దాటి బాల్టిమోర్ కౌంటీలోకి వెళ్తే 1.10. మూడు లక్షల ఇంటికి ఇక్కడ ఏటా 6,744, అక్కడ 3,300. తేడా మీ జేబులోనిదే. ఊరటగా ఒకటుంది: చారిత్రక వాడలో పాత ఇంటిని పద్ధతిగా బాగుచేస్తే, దాని వల్ల పెరిగిన విలువ మీద నగరం పదేళ్లపాటు పన్ను తగ్గింపు ఇస్తుంది. ఖర్చు ఇంటి విలువలో కనీసం నాలుగో వంతు ఉండాలి. పని మొదలుపెట్టకముందే దరఖాస్తు పెట్టాలి, సుత్తి పట్టాక అడిగితే లాభం లేదు. ఆ తగ్గింపు కొన్నవారికి బదిలీ అవుతుంది. అందుకే ముస్తాబు చేసిన ఇల్లు కొంటుంటే, పన్ను ఎంత అని కాదు, తగ్గింపు ఇంకా ఎన్నేళ్లు మిగిలిందని అడగండి. పదకొండో ఏడు వచ్చే బిల్లు చూసి కంగుతిన్నవాళ్లు నాకు తెలుసు.

దీనికి బదులుగా వీధికి కనబడే కిటికీ, తలుపు మార్చాలంటే వారసత్వ కమిషన్ అనుమతి కావాలి. చౌక ప్లాస్టిక్ కిటికీ ఒప్పుకోరు. మొదట్లో విసుగొచ్చింది. ఎదురింటాయన తన ముఖద్వారం పాడుచేయకుండా ఆగింది కూడా ఆ నియమం వల్లేనని తెలిశాక విసుగు సగం తగ్గింది. సగం ఉంది.

చిన్న పిల్లలుంటే సీసం రంగు పరీక్ష తప్పనిసరిగా చేయించండి. బాల్టిమోర్ 1950ల మొదట్లోనే ఇళ్ల లోపల సీసం రంగు వాడకూడదంది, దేశమంతటా నిషేధం వచ్చింది 1978లో. ఈ ఇళ్లు రెండిటికంటే పాతవి. పాత కిటికీ పైకీ కిందికీ జరిపినప్పుడల్లా రాలే పొడిలో అది ఉంటుంది.

కొందరు వాస్తు గురించి అడిగారు. వీధికి ఒక వైపు ఇళ్లు తూర్పు చూస్తే, రెండో వైపువి పడమర చూస్తాయి, మధ్యే మార్గం లేదు. మీకు పట్టింపు ఉంటే వీధికి ఆ వైపే వెతకండి. మార్చడానికి గోడ మీ ఒక్కరిది కాదు.

వంటగది. ఇది మనవాళ్లకే ప్రత్యేకం. పొయ్యి మీది పొగ లాగే ఫ్యాను చాలా ఇళ్లలో గాలిని వడపోసి మళ్లీ గదిలోకే వదులుతుంది, పక్క గోడకు కన్నం పెట్టే వీలు లేదు కదా. వెనక గోడకో కప్పుకో బయటికి దారి ఉందా అని చూడండి. మాకు ఉందని అనుకున్నాం, లేదు. మొదటి నెల ఇంగువ పోపు పెట్టినప్పుడల్లా ఇల్లంతా మూడు రోజులు అదే వాసన. ఉమ్మడి గోడలో పాత పొగగూడు ఒకటి పూడ్చకుండా ఉండటంతో అవతలికీ వెళ్లిందట. ఒక సాయంత్రం పెద్దావిడ వచ్చింది. ఫిర్యాదు చేయడానికి అనుకుని నేను క్షమాపణ మొదలుపెట్టాను. అదేమిటి వండుతున్నావు, కొంచెం పెడతావా అంది. పులిహోర పెట్టాను.

మళ్లీ కొంటానా? కొంటాను, కానీ ఇదే ఇల్లు కాదు, ఇదే వరుసలో చివరిది. చివరి ఇంటికి ఒక పక్క కిటికీలు ఉంటాయి. రెండు కార్లున్నవాళ్లూ, మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండేవాళ్లూ మాత్రం వద్దు, ఈ మెట్లు మీకు పగవాళ్లవుతాయి. చూడాలనుకుంటే వాన పడే రోజు రండి, వెనక సందులోంచి రండి. నేను మొదటిసారి ఎండలో, ముందు వైపు నుంచి చూశాను.

తలుపు తడుతున్నారు. ఆవిడే. కెమెరా ఆపాలి.